స్తమేనా సంచికి పూచీ ఎవరు

“అలా గోకకయ్యా! నల్ల తొక్క పోవాలి, ఎర్ర కండ మిగలాలి. నువ్వు రెండూ కలిపి పీకేస్తున్నావు. ఎక్కడున్నాను? ఆఁ, ‘అడగొద్దు’. ఆ మీట పేరే అది. ఎవడొచ్చి ‘అవతలి యంత్రాన్ని నేనే’ అన్నా సరే, మారు మాట్లాడకుండా ఫైళ్ళన్నీ వాడి చేతిలో పెట్టేసే మీట. దాన్ని నా తోర్బాలో పెట్టాలంట! బెల్‌గ్రేడ్‌లో సూటేసుకున్నవాడెవడో అడిగాడు, నా కూమ్ గ్రాదిమిర్ తలూపాడు. వాడి తలకి ఊగడం తప్ప ఇంకో పని ఎప్పుడైనా పడిందా?”

ఈ మాటలంటూనే స్తమేనా పొయ్యి మీద కాలుతున్న మిరపకాయను ఉత్త చేత్తో తిప్పింది. పటకారు పక్కనే ఉంది. పటకారు వాడేవాళ్ళంటే ఆమెకు చులకన. సెప్టెంబరు చివరికి మా నీష్ ఊళ్ళో ఏ సందులోకి వెళ్ళినా కాలిన మిరపకాయల వాసనే. మా భవనం పెరట్లో ఇనుప పొయ్యి ఎక్కడ పెట్టాలో, ఎవరు కాల్చాలో, ఎవరు తొక్క తీయాలో తేల్చేది స్తమేనాయే. నేనుండేది ఆమె ఇంటి పై అంతస్తులో. తొక్క తీయడం నాకు రాదని ఏటా తేలుస్తుంది, ఏటా మళ్ళీ నన్నే పిలుస్తుంది. ఎందుకంటే అక్కడ మాట్లాడే పని ఆమెది, వినే పని నాది. కంప్యూటర్ల గురించి నాకు తెలిసిన కాస్తా ఆ పెరట్లో మసి చేతులతో కూర్చుని విన్నదే.

తోర్బా అంటే సంచి. స్తమేనా సంచి గుడ్డది కాదు. ఒక కంప్యూటర్‌లో ఉన్న ఫైలును దూరాన ఉన్న మరో కంప్యూటర్‌కి, దారిలో ఎవరూ తొంగి చూడకుండా, ఎవరూ చెయ్యి పెట్టి మార్చకుండా చేర్చే కోడ్ అది. తనంతట తాను నడిచే ప్రోగ్రాం కాదు, ఇతరులు తమ ప్రోగ్రాముల్లో అమర్చుకునే లైబ్రరీ. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. లోపల ఏముందో విప్పి చదవొచ్చు, మార్చుకోవచ్చు, మార్పు నచ్చితే వాడుకోండని తిరిగి పంపొచ్చు. అలా వచ్చినదాన్ని తోర్బాలో కలపాలా వద్దా అనే అధికారం మాత్రం ఇద్దరికే ఉంది. ఒకరు స్తమేనా, రెండోవాడు గ్రాదిమిర్.

“ఊరికే ఇస్తే ఏమొస్తుందో తెలుసా?” అంటుంది స్తమేనా. “ఉత్తరాలొస్తాయి. ‘ప్రియమైన సర్, తోర్బా మా దగ్గర పనిచేయడం లేదు, సాయంత్రంలోగా బాగుచేయగలరు.’ సర్ అంట! ఆడది కోడ్ రాస్తుందని తట్టదు వెధవలకి. అవతలి యంత్రం ఆన్ చేసి ఉందా నాయనా అని అడుగుతాను. ఇక ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు.”

ఆమె ఉద్యోగం ఒక రొట్టెల కంపెనీలో. ఊళ్ళో ఉన్న వాళ్ళ కొట్లన్నీ మర్నాటికి లోపల కూరి కాల్చే పొరల బూరెక్‌లు ఎన్ని కావాలో, ఎన్ని రొట్టెలు కావాలో ఒక్కో ఫైలులో రాసి ఉంచుతాయి. పెద్ద పొయ్యి దగ్గరి కంప్యూటర్ వాటిని తెచ్చుకుంటుంది. మొదట్లో ఆ తెచ్చే పనికి అందరూ వాడే పాత పద్ధతినే వాడారు. అందులో ఒక విడ్డూరం ఉండేది. ఇవతలి యంత్రం ఫలానా ఫైలు ఇమ్మని అడుగుతుంది. అవతలిది ఏదో ఒకటి చేతిలో పెట్టి, దీన్ని ఈ పేరుతో దాచుకో అంటుంది. తను అడిగింది అదేనా కాదా అని చూసుకోకుండా ఇవతలిది దాచుకుంటుంది. రైలు స్టేషన్ దగ్గరి కొట్లో యంత్రానికి ఒక రోజు మతి తప్పి, తన ఫైలునే మిగతా కొట్ల పేర్లన్నీ పెట్టి పంపింది. పెద్ద పొయ్యి దగ్గరి కంప్యూటర్ ఒక్కొక్కటే బుద్ధిగా పుచ్చుకుంది. స్టేషన్ కొట్లో చీజ్ బూరెక్ తప్ప ఏదీ అమ్మరు. మర్నాడు పొద్దున ఊళ్ళో వాళ్ళ కొట్లలో ఎక్కడ చూసినా చీజ్ బూరెక్‌లే, తినడానికి రొట్టె ముక్క లేదు.

“కొట్టుకెళ్ళి పాలడిగావనుకో. వాడు కిరసనాయిలు పోసి, సీసా మీద పాలు అని రాసుకో అంటే రాసుకుంటావా? ఆ యంత్రం రాసుకుంది. అలాంటి పద్ధతిని పెట్టుకుని ప్రపంచం ఇన్నేళ్ళు కాళ్ళు చాపుకుని నిద్రపోయింది!”

తోర్బా ఆ కోపంలోంచి పుట్టింది. దాంట్లో ఏ పేరడిగితే ఆ పేరే రావాలి, ఇంకోటి వస్తే ముట్టుకోదు. వచ్చిన ఫైలును ముందు పక్కన పెట్టి, చివరి అక్షరం దాకా సరిచూశాకే దాని చోట దాన్ని పెడుతుంది. అన్నిటికంటే ముందు, అవతల ఉన్నది తను అనుకున్న యంత్రమేనా అని చూస్తుంది. ప్రతి యంత్రానికీ ఒక వేలిముద్ర ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస. అది తనకు తెలిసినదైతే తోర్బా పని మొదలుపెడుతుంది. తెలియనిదైతే ఆగి, ఆ వరస మొత్తం చూపించి, నమ్మమంటారా అని అడుగుతుంది.

గొడవంతా ఈ అడగడం దగ్గర వచ్చింది. బెల్‌గ్రేడ్‌లో రక్తపరీక్షల ల్యాబుల కంప్యూటర్లు చూసుకునే కంపెనీ ఒకటి తోర్బాను వాడుతోంది. ల్యాబుల్లో తేలిన ఫలితాలు దాంతోనే ఆసుపత్రులకు వెళ్తాయి. ఎక్కడో ఒక ల్యాబులో పాత యంత్రం తీసి కొత్తది పెడతారు, కొత్తదానికి కొత్త వేలిముద్ర, తోర్బా ఆగుతుంది, అడుగుతుంది, పని నిలిచిపోతుంది. ఆ కంపెనీలో ఈ వ్యవహారాలు చూసే వుకాషిన్ అనే అతను, అడగకుండా ఊరుకునే మీట ఒకటి పెట్టమన్నాడు. పెట్టకపోతే తోర్బాకు నకలు తీసుకుని, అందులో తామే ఆ మీట పెట్టుకుని, వేరే పేరుతో నడుపుకుంటామన్నాడు. అందులో తప్పేమీ లేదు, ఊరికే ఇచ్చిన కోడ్‌ను ఎవరైనా అలా చేసుకోవచ్చు. కానీ అంత పెద్ద కంపెనీ వెళ్తే చిన్నవాళ్ళూ వెనకే పోతారు. స్తమేనా చేతిలో మిగిలేది ఎవరూ మొయ్యని సంచి.

గ్రాదిమిర్ ఆ మీటకు కోడ్ రాసేశాడు కూడా. సోమవారం తోర్బాలో కలుపుతానన్నాడు. కలిపిన క్షణాన తోర్బాలోంచి తప్పుకుంటానని, ఆ తర్వాత తన గుమ్మం తొక్కొద్దని స్తమేనా అంది. అది చిన్న మాట కాదు. కూమ్ అంటే పెళ్ళిలో పక్కన నిలబడి, ఈ మనిషికి నాదీ పూచీ అని సంతకం పెట్టినవాడు. అన్నదమ్ములు మాటలు మానుకుంటే నీష్‌లో ఎవరూ ఆశ్చర్యపోరు. కూమ్‌తో తెంచుకున్నారంటే మాత్రం ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు గొంతు తగ్గిస్తారు.

అయినా ఆ శనివారం గ్రాదిమిర్ వచ్చాడు. రాక తప్పదు. కాల్చిన మిరపకాయలతో చేసే పచ్చడి ఐవర్. అది వండే పొయ్యి ఆమెదైతే పెద్ద గిన్నె అతనిది. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది, మనిషి కూడా లిఫ్టు గదిలా నలుచదరంగా ఉంటాడు. గిన్నెను నెత్తిన బోర్లించుకుని, చంకలో ల్యాప్‌టాప్‌తో పెరట్లోకి దిగాడు.

“వచ్చాడు,” అంది స్తమేనా నాతో, అతనికి వినపడేలా. “నెత్తి మీద గిన్నె, గిన్నె కింద ఖాళీ.”

“నీకూ నమస్కారం, కూమా,” అన్నాడు గ్రాదిమిర్ గిన్నె దింపుతూ. “కాఫీ ఏమైనా ఉందా, తిట్లతోనే సరిపెట్టుకోవాలా?”

“కాఫీ మనుషులకి.”

ముగ్గురికీ కాఫీ తెచ్చింది. గ్రాదిమిర్ కప్పులో చక్కెర ముందే వేసి ఉంది.

మధ్యాహ్నానికి తొక్క తీయడం అయింది. మిరపకాయలు మరలో పట్టి, గిన్నెలో నూనెతో కలిపి పొయ్యి మీద పెట్టారు. ఐవర్ దగ్గర ఒక చిక్కుంది. పొయ్యెక్కాక కలపడం ఆపకూడదు, ఆపితే అడుగంటి మొత్తం చేదెక్కుతుంది. కాబట్టి ఎంత కోపమొచ్చినా ఎవరూ లేచిపోవడానికి లేదు. స్తమేనా తెడ్డు పట్టుకుంది. గ్రాదిమిర్ కిటికీ గట్టు మీద ఆమె ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాడు.

“ఒక్కసారి కళ్ళతో చూడు, ఆ తర్వాత తిట్టు,” అన్నాడు. “నీ యంత్రం నించి నా ఇంట్లో యంత్రానికి ఒక ఫైలు పంపుతా. ముందు మీట లేకుండా, తర్వాత మీటతో. తేడా నువ్వే చెప్పు.”

“తేడా నాకు తెలీదా? ఒకటి కాపలా కుక్క, ఇంకోటి కుక్క బొమ్మ.”

“అరవని కుక్క కావాలనడం లేదు కూమా. పోస్టుమాన్ వచ్చిన ప్రతిసారీ వీధంతా లేపే కుక్కతో వాళ్ళు పడలేకపోతున్నారు.”

“పోస్టుమానో దొంగో వీడు వాసన చూసి చెప్తాడేమో! రక్తపరీక్షలయ్యా అవి. మధ్యలో ఎవడో కూర్చుని నేనే ఆసుపత్రినంటే వీళ్ళ మీట ‘రండి, కూర్చోండి’ అంటుంది. నీ చక్కెర లెక్క వాడు చదువుతాడు, దాని మీద నా పేరు వేసి పంపుతాడు. రేపు నాకు కాఫీలో చక్కెర మాన్పిస్తారు, నువ్వు మాత్రం మింగుతూనే ఉంటావు. కానీ, పంపు. మీట లేకుండా పంపు ముందు.”

గ్రాదిమిర్ ఏదో కొట్టాడు. ల్యాప్‌టాప్ తెర మీద తోర్బా ఆగింది. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. ఈ యంత్రం నాకు తెలిసిన యంత్రంలా లేదు, దీని వేలిముద్ర ఇది, నమ్మమంటారా, అని ఉంది. కింద ఆ పొడుగాటి వరస.

“ఆగింది,” అన్నాడు గ్రాదిమిర్.

“అవునని కొట్టు,” అంది స్తమేనా, గిన్నెలోంచి తల ఎత్తకుండా.

అతను కొట్టలేదు. చేతులు రెండూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కొట్టవయ్యా, అవుననీ! చలికాలం దాకా ఇక్కడే కూర్చుంటామా?”

“చదివావా కూమా?”

“ఏంటి చదివేది?”

“వేలిముద్ర. నాదో కాదో చూశావా?”

“నీ ఇంటికే కదా పంపుతున్నది!”

“నా ఇల్లేనని నీకెవరు చెప్పారు? డిస్కు చెడిపోతే మొన్న కొత్తది వేశాను. ముద్ర మారింది. నీకు చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసి అడగనూ లేదు. నేను కాక ఎవడో కూర్చుని ఉంటే?”

తెడ్డు ఆగిపోయింది. మసి పట్టిన ఆమె ముఖంలో రంగు తెలియలేదు గానీ, నోరు తెరిచి ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ నోట్లోంచి మాట రాకపోవడం నేను మొదటిసారి చూశాను.

“కలుపు! అడుగంటుతోంది!” అని గ్రాదిమిర్ అరిచాడు.

ఆమె గబగబా కలిపింది. తర్వాత తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. ఇతరులను తిట్టేటప్పుడు ఎంత మనస్ఫూర్తిగా తిడుతుందో ఇదీ అంతే.

“చూశావా నీ కిందింటి మేధావిని? ప్రపంచంలో ప్రతివాడూ చదవకుండా అవునంటాడని, గొర్రెలని, నోరు నొప్పెట్టేదాకా తిట్టాను. ఫోన్ చేసి ఒక్కో అక్షరం చదివించుకోవాలని తోర్బా మొదటి పేజీలో రాసి పెట్టింది ఎవరు? ఈ మహాతల్లి. ఎర్రటి అక్షరాల్లో! ఇప్పుడేమంది? చేతులు జిడ్డుగా ఉన్నాయి, నా తరఫున నువ్వు అవునని కొట్టు అంది. గొర్రె కూడా కాదు, ఇంకో గొర్రె చేత అరిపించే గొర్రె.”

“నేను గొర్రెనా మధ్యలో?” అన్నాడు గ్రాదిమిర్.

“నువ్వు మొదటినించీ గొర్రెవే, ఇవాళ కొత్తగా ఏమీ కాలేదు.” తెడ్డును గిన్నె అంచుకు కొట్టింది. “అందరూ అవుననే చెప్పే ప్రశ్న ప్రశ్న కాదు. నేనిన్నాళ్ళూ కాపలా పెట్టాననుకున్నాను. నిజానికి పెట్టింది దిష్టిబొమ్మని.”

“అందుకేగా తీసేద్దామంటున్నా.”

“తీసేద్దాం.”

గ్రాదిమిర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“ఎగరకు. అడగడం తీసేద్దాం. కానీ నమ్మడమూ ఉండదు. తెలిసిన ముద్ర అయితే తలుపు తీస్తుంది. కాకపోతే తీయదు. ‘నమ్మమంటారా’ లేదు, ‘పోనీలెండి’ లేదు. ఎవరూ అవునని కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు.”

“బాగుంది. వుకాషిన్ రేపే నకలు తీసుకుపోతాడు. దేశమంతా ల్యాబులున్నాయి వాళ్ళకి. పెట్టే ప్రతి కొత్త యంత్రం ముద్రా ముందుగా ఎవడు పంచుతాడు? నువ్వు వెళ్తావా, సైకిలెక్కి?”

ఆమె గిన్నెలోకి చూసింది. ఐవర్ చిక్కబడి, తెడ్డు దాటిన చోట గిన్నె అడుగు ఒక్క క్షణం కనిపించి మూసుకుంటోంది. గ్రాదిమిర్ ఆమె చేతిలోంచి తెడ్డు తీసుకుని తను కలపడం మొదలుపెట్టాడు. కాసేపటికి, గిన్నెతో మాట్లాడుతున్నట్టుగా అన్నాడు:

“రాంకోని పెళ్ళికి ముందు మీ అమ్మ ఎన్నిసార్లు చూసింది?”

రాంకో స్తమేనా మాజీ మొగుడు. ఆ పేరు ఆ పెరట్లో ఎవరూ ఎత్తరు.

“వాడి పేరెందుకిప్పుడు? ఐవర్ విరిగిపోతుంది.”

“చెప్పు.”

“చూడలేదు. పెళ్ళిరోజే చూసింది. ‘కూమ్ ఎవరు’ అని అడిగింది. నువ్వని చెప్పారు. మీ ఇల్లు మా అమ్మకి తెలుసు. ‘సరే’ అంది.”

“అదే అంటున్నా. ఆవిడకి తెలిసింది నేనొక్కణ్ణే. నా పూచీ మీద ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లోకి రానిచ్చింది. యంత్రానికీ ఒక కూమ్ ఉంటే? కంపెనీ ఒక్క తాళంచెవి భద్రంగా దాచుకుంటుంది, అది కూమ్. కొత్త యంత్రం పెట్టేటప్పుడు దాని ముద్ర మీద కూమ్ సంతకం పెడతారు. అవతల ఆసుపత్రిలో తోర్బాకి ఏ యంత్రమూ తెలియనక్కర్లేదు. కూమ్ ముద్ర ఒక్కటి తెలిస్తే చాలు. సంతకం ఉంటే రానిస్తుంది, లేకపోతే లేదు. అడగక్కర్లేదు.”

స్తమేనా అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది. మంచి నవ్వు కాదది.

“నువ్వా చెప్పేది? పూచీల గురించి నువ్వా? నువ్వు సంతకం పెట్టి ఇంట్లోకి పంపిన సరుకు చూశాంగా! కారు పట్టుకెళ్ళాడు, రేడియో పట్టుకెళ్ళాడు, ఆఖరికి మా అమ్మ ఇచ్చిన కాఫీ మర కూడా పట్టుకెళ్ళాడు. మా అమ్మ చచ్చేదాకా ‘గ్రాదిమిర్ సంతకం పెట్టాడే’ అంటూనే ఉంది. నీ పూచీతో వచ్చిన యంత్రం ఇంకెంత ఉద్ధరిస్తుంది?”

గ్రాదిమిర్ తెడ్డు ఆపలేదు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

“వాడు వెళ్ళిపోయిన రోజు నేనేం చేశాను?” అన్నాడు నెమ్మదిగా.

ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. సామానంతా కార్లో ఎక్కించుకుని రాంకో బయల్దేరబోతుంటే గ్రాదిమిర్ కారుకి అడ్డంగా నిలబడ్డాడు. అందరూ కిటికీల్లోంచి చూస్తుండగా, ఇవాళ్టినుంచి నేను నీ కూమ్‌ని కాను, నీ మీద నా పూచీ లేదు అన్నాడు. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన స్నేహితుడితో అన్నాడు. అలాంటి మాట అంతకుముందు ఎవరూ విన్నది లేదు. రాంకో ఊళ్ళో ఉండలేకపోవడానికి పెళ్ళాన్ని వదిలిపెట్టడం కారణం కాదు, కూమ్ వదిలిపెట్టడం.

పొయ్యిలో కట్టె చిటపటమంది. స్తమేనా ఒక పుల్ల తీసి లోపలికి తోసింది.

“మాట వెనక్కి తీసుకున్నావు,” అంది.

“తీసుకున్నా.”

“అయితే అదీ ఉండాలి. సంతకం పెట్టిన కూమ్ ఎప్పుడైనా ‘ఈ యంత్రం మీద నా పూచీ లేదు’ అని చెప్పగలగాలి. చెప్పిన వెంటనే తోర్బా విని తీరాలి. సంతకానికి గడువుండాలి, జన్మంతా చెల్లే సంతకాలు ఎలాంటివో నాకు తెలుసు. ఇవి లేకపోతే నాకొద్దు.”

“ఉంటాయి.”

“నీ మీట?”

గ్రాదిమిర్ తెడ్డు నా చేతికిచ్చాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, తన ల్యాప్‌టాప్ తెరిచి, తను రాసిన మార్పును చెరిపేశాడు. చెరిపేశాక స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఈసారి ఆమె వంగి, ఒక్కో అక్షరం చదివింది.

“కలిపేవాడు నిద్రపోతున్నాడు,” అంది నా వైపు చూడకుండానే. “అడుగంటితే మాడిన సీసా నీకే.”

అక్టోబరంతా వాళ్ళిద్దరూ ఆ పని మీదే ఉన్నారు. కోడ్‌లో దాని పేరు కూమ్ అనే పెట్టారు. కొత్త పద్ధతిని బయట పెట్టగానే ఎక్కడెక్కడి వాళ్ళో రాశారు. ప్రశ్న తీసేసినందుకు కొందరు మండిపడ్డారు, తమ పని ఆగిపోతుందని. కూమ్ అంటే ఏమిటి, అందరికీ అర్థమయ్యే పేరు పెట్టొచ్చుగా అని ఒకాయన సలహా ఇచ్చాడు. మీ ఊళ్ళో పూచీ పడేవాళ్ళు లేకపోతే అది నా కోడ్‌లో లోపం కాదు అని స్తమేనా జవాబు రాసింది. గ్రాదిమిర్ దాన్ని చెరిపి, మర్యాదగా ఇంకోటి రాశాడు. ఆమె దాన్ని చెరిపి మళ్ళీ తనదే పెట్టింది.

వుకాషిన్ మాత్రం నెలాఖరు సోమవారం తేల్చుకుంటానన్నాడు. కొత్త తోర్బాను సోమవారం పొద్దున తన యంత్రంలో పెట్టి చూస్తాడు. నచ్చితే అది, లేకపోతే నకలూ మీటా. కొత్త తోర్బా స్తమేనా యంత్రం నుంచే అతనికి వెళ్ళాలి. దానికి ముందు ఆ యంత్రానికి పూచీ ఉన్న కూమ్ ముద్ర అతనికి చేరాలి. దానికి ముందు గురువారం సాయంత్రం ఆమె ఆ ఏటి ఆఖరి విడత ఐవర్ వండి, సీసాలకు మూతలు బిగిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టింది.

“స్తమేనా గారూ, వుకాషిన్‌ని. ఆ ముద్ర ఈమెయిల్లో పెట్టేయండి, సరిపోతుంది.”

“ఈమెయిల్లో వచ్చింది నేను పంపిందేనని మీకెలా తెలుస్తుంది బాబూ?”

“మీ పేరుంటుంది కదండీ.”

ఆమె ఫోన్ వైపు కాక నా వైపు చూసింది. “పేరుంటుందంట,” అని పెదవులు మాత్రం కదిపింది.

“ఇప్పుడే చదువుతాను, రాసుకోండి. రెండు నిమిషాలు.”

“అయ్యో, మీటింగ్‌కి వెళ్తున్నానండీ. ఈమెయిలే నయం. మేం అంతా నమ్మకం మీదే పనిచేస్తామండీ.”

“తెలుస్తోంది,” అంది స్తమేనా. ఫోన్ పెట్టేశాక మూతను అంత గట్టిగా ఎందుకు బిగించిందో నాకు అర్థమైంది. “నమ్మకమంట! ఆ మాటని ఎంగిలి గ్లాసులా పదిమందికీ తిప్పుతున్నాడు. రక్తపరీక్షలు వీడి చేతిలో! ... నువ్వు రేపు బెల్‌గ్రేడ్ వెళ్తున్నావు కదూ?”

“కళ్ళ డాక్టరు దగ్గరికి.”

“డాక్టరుకి చూపించే ముందు ఆ కళ్ళతో నాకో పని చేసి పెట్టు.”

ఆమె ఒక పెద్ద సీసా ఎంచుకుని, గుడ్డతో తుడిచి, దాని మీద తెల్ల కాగితం అంటించింది. లావు కలంతో కూమ్ ముద్ర మొత్తం రాసింది. సున్నాకూ అక్షరానికీ తేడా తెలియాలని ప్రతి సున్నా కడుపులో గీత గీసింది. రాశాక ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని తను చదివింది, తర్వాత నా చేత గట్టిగా చదివించింది, తర్వాత గ్రాదిమిర్‌కి ఫోన్ చేసి అతని చేత చదివించింది. అతను సగంలో తుమ్మితే మళ్ళీ మొదటినుంచీ చదివించింది.

“ఇది దాచాల్సిందేనా?” అని అడిగాను.

“దాచడానికేముంది? బస్సులో అందరికీ చూపించుకో. దొంగిలించడానికి పనికిరాదు. నా ఇంటి నించి వచ్చిందా లేదా, అదొక్కటే లెక్క. నువ్వు నా ఇంట్లోంచి తీసుకెళ్తున్నావు, వాడి చేతిలో పెడుతున్నావు. మధ్యలో ఎవరికీ ఇవ్వకు. కింద కూర్చునే అమ్మాయి ‘నేనిచ్చేస్తాను సార్’ అంటుంది. ఇవ్వకు.”

“వుకాషిన్‌ని నేనెప్పుడూ చూడలేదు. అతనేనని నాకెలా తెలుస్తుంది?”

స్తమేనా ఆగింది. మొదటిసారి నన్ను కాస్త గౌరవంగా చూసినట్టనిపించింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

“ఇంతకాలానికి ఒక మాట నేర్చుకున్నావు. వాణ్ణి ముందు మాట్లాడనివ్వు. ‘అంతా నమ్మకం మీదే’ అన్నాడంటే వాడే.” సీసాను దినపత్రికలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. వేడి ఇంకా పోలేదు. “వాడి ఎదురుగా నిలబడి చదివించు. వాడడిగినట్టు ఈమెయిల్లోనూ పంపుతాను. వాడు తన స్క్రీన్ మీద వచ్చింది చదవాలి, నువ్వు సీసా మీద చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆపు. ‘సరే సరే, సరిపోయిందిలెండి’ అన్నాడనుకో, సీసా వెనక్కి తెచ్చెయ్. అలాంటివాడికి నా తోర్బా వద్దు, మీట పెట్టుకుని ఊరేగమను.”

“మొత్తం చదివితే?”

“చదివితే తిననీ. పైన ఇంత నూనె పొర ఉంటుంది, అది పారబొయ్యొద్దని చెప్పు, బెల్‌గ్రేడ్ వాళ్ళకి తెలీదు.” నేను మెట్లెక్కుతుంటే వెనకనుంచి మళ్ళీ కేకేసింది. “ఏమయ్యా! తిన్నాక సీసా కడిగి ఇమ్మన్నానని చెప్పు. మూతతో సహా!”